చెన్నై నుంచి ట్రాంబోన్ ఫెస్టివల్‌కి వెళ్ళేవాళ్ళకి: కచేరీలు ఎలా వినాలి, డిస్‌ప్లే హాల్లో వాయిద్యాలు ఎలా ఊది చూడాలి

చెన్నైలో ట్రాంబోన్ (స్లైడ్ అనే జారే గొట్టాన్ని ముందుకీ వెనక్కీ కదిపి స్వరం మార్చే ఇత్తడి వాయిద్యం) ఊదేవాళ్ళకి ఒక కష్టం ఉంటుంది, అది వయొలిన్ వాళ్ళకీ కీబోర్డ్ వాళ్ళకీ చెప్పినా అంతగా ఎక్కదు. మన చేతిలో ఉన్న వాయిద్యం తప్ప ఇంకోటి నోటి దగ్గర పెట్టుకునే ఛాన్సే ఏళ్ళ తరబడి రాదు. ఊరంతా తిరిగినా పది ట్రాంబోన్లు వరసగా పెట్టి, ఏది కావాలో ఊది చూస్కోండి సార్ అనే చోటు నాకు కనపళ్ళేదు, అందుకని సౌండ్ సరిగ్గా రాలేదంటే తప్పు మనదా వాయిద్యానిదా అనేది తేలదు, చాలామంది తప్పు తమదే అనేసుకుంటారు. నేనూ అంతే. ఆరేళ్ళ పాటు నా స్లైడ్ అయిదో పొజిషన్ (చెయ్యి చాపేకొద్దీ స్లైడ్ ఆపే ఏడు చోట్లలో అయిదోది) దాటాక బరువుగా కదిలేది, నా మణికట్టే బిగిసిపోతోందనుకుని రోజూ దానికే ఎక్సర్‌సైజులు చేశా. మొదటిసారి ఫెస్టివల్‌కి వెళ్ళినప్పుడు అక్కడ రిపేర్ టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దాయన బయటి స్లైడ్ లాగి పక్కన పెట్టేసి, లోపలి గొట్టాలు రెండిట్నీ నున్నటి గ్రానైట్ పలక మీద పడుకోబెట్టి, వంగి చూడమన్నాడు. ఒక గొట్టం చివర కింద సన్నగా వెలుతురు గీత కనపడింది. అంటే రెండూ సమాంతరంగా లేవన్నమాట. ఇరవై నిమిషాల్లో సరిచేసి ఇచ్చాడు, నేను మాత్రం ఆరేళ్ళు నా చేతినే తిట్టుకున్నా.

అందుకే ఎవరైనా "అంత డబ్బు పెట్టుకుని అంత దూరం ఎందుకన్నా" అని అడిగితే నేను ఇదే చెప్తా, నా తప్పేదో నా వాయిద్యం తప్పేదో విడదీసి చూసుకోవడానికి. కచేరీలు వింటే మొదటిది తెలుస్తుంది, డిస్‌ప్లే హాల్లో రెండోది తెలుస్తుంది. నేను రెండుసార్లు వెళ్ళా, ఒకసారి ఒక్కణ్ణే, ఒకసారి మా మేనల్లుణ్ణి తీస్కెళ్ళా. మొదటిసారి చేసిన పొరపాట్లు రెండోసారి చెయ్యలేదు, అవి మీరూ చెయ్యకుండా ఉండాలని ఇదంతా వివరంగా రాస్తున్నా.

స్టెప్ 1: ఏ ఫెస్టివలో ముందే తేల్చుకోండి

బాగా పేరున్నది ఇంటర్నేషనల్ ట్రాంబోన్ ఫెస్టివల్. 1971లో అమెరికాలోని నాష్‌విల్‌లో ఒక వర్క్‌షాప్‌గా మొదలైంది, తర్వాత ఏడాది 1972లో ఇంటర్నేషనల్ ట్రాంబోన్ అసోసియేషన్ పుట్టింది, అప్పట్నుంచి అది పెరుగుతూ పెరుగుతూ ఫెస్టివల్ అయింది. ఒకే ఊళ్ళో జరగదు, ఏడాదికో ఊరు మారుతుంది, 2012లో పారిస్, 2015లో స్పెయిన్‌లో వాలెన్సియా, 2016లో న్యూయార్క్ జూలియార్డ్ స్కూల్లో పెట్టారు, ఎక్కువ సార్లు మాత్రం అమెరికాలో ఏదో ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉంటుంది. మామూలుగా వేసవిలో, నాలుగు రోజుల పాటు. పొద్దున గ్రూప్ వార్మప్, తర్వాత మాస్టర్‌క్లాసులు (పెద్ద వాయిద్యకారులు అందరి ముందూ చెప్పే పాఠాలు), చిన్న హాళ్ళలో సోలో కచేరీలు, పోటీల ఫైనల్స్, మధ్యలో ఎప్పుడంటే అప్పుడు వెళ్ళి చూడగలిగే డిస్‌ప్లే హాలు, రాత్రికి పెద్ద కచేరీ. ఇదీ వరస.

మీ పిల్లలెవరైనా సీరియస్‌గా వాయిస్తుంటే పోటీల సంగతి కూడా చూడండి. బాస్ ట్రాంబోన్‌కి చికాగో సింఫనీలో వాయించిన ఎడ్వర్డ్ క్లైన్‌హామర్ పేరు మీద ఒకటుంది, జాజ్‌కి కార్ల్ ఫాంటానా పేరు మీద ఒకటుంది, వాటికి ముందే రికార్డింగ్ పంపాలి, కొన్ని నెలల ముందే గడువు అయిపోతుంది, ఫెస్టివల్ దగ్గర పడ్డాక గుర్తొస్తే లాభం లేదు.

అసోసియేషన్‌లో మెంబర్‌షిప్ తీస్కుంటే వాళ్ళ జర్నల్ కూడా వస్తుంది, స్టూడెంట్స్‌కి రేటు వేరేగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ తొందరగా చేస్కోవడం మంచిది, ఎందుకంటే వీసాకి ఆ కాగితం కావాలి.

స్టెప్ 2: వీసా, సెలవు, కాగితాలు

ఇది గబగబా చెప్పేస్తా. అమెరికా అయితే డీఎస్-160 ఫారం నింపాలి, ముందు వేలిముద్రలకి ఒకరోజు, తర్వాత జెమినీ ఫ్లైఓవర్ పక్కన కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ, అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం కాబట్టి ఫెస్టివల్ ఊరు ప్రకటించగానే మొదలెట్టండి. యూరప్ అయితే షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, కనీసం 30,000 యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇంటర్వ్యూలో ఎందుకెళ్తున్నారని అడిగితే సూటిగా చెప్పండి, ట్రాంబోన్ వాయిస్తాను, ఫెస్టివల్‌కి వెళ్తున్నాను అని. నన్ను ఎక్కడ వాయిస్తారని అడిగారు, చర్చి బ్యాండులో, ఆదివారాలు, పెళ్ళి రిసెప్షన్లలో కూడా అని చెప్పా, అంతే.

ఇంకో కాగితం, దీని సంగతి ఎవరూ చెప్పరు. మీ వాయిద్యం ఖరీదైనదైతే వెళ్ళేటప్పుడే చెన్నై ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీస్కోండి. సీరియల్ నంబర్ చూపించి రాయించుకుంటే తిరిగొచ్చేటప్పుడు ఇది బయట కొన్నదా అనే గొడవ ఉండదు. దానికోసం మామూలు టైం కన్నా ఒక గంట ముందే వెళ్ళాలి. సీరియల్ నంబర్ కనపడేలా ఫోటో, పాత బిల్లు ఉంటే అదీ ఫోన్లో పెట్టుకోండి.

స్టెప్ 3: రెండు నెలల ముందు నుంచి చెవిని రెడీ చెయ్యండి

అక్కడికెళ్ళాక రోజుకి ఏడెనిమిది గంటలు ట్రాంబోనే వింటారు. చెవికి ముందు నుంచి అలవాటు లేకపోతే రెండోరోజుకల్లా అంతా ఒకేలా వినపడుతుంది, నాకు అదే అయింది.

మామూలు ట్రాంబోన్ బి ఫ్లాట్‌లో ఉంటుంది, అంటే మన లెక్కలో ఆరున్నర శ్రుతి. తంబూరా యాప్‌లో ఆరున్నర పెట్టుకుని, స్లైడ్ మొత్తం లోపలికి పెట్టి, అంటే మొదటి పొజిషన్లో, మెల్లగా స, ప, పై స, పై గాంధారం ఊదండి. ఇక్కడే ఒక విచిత్రం ఉంది. ఆ పై గాంధారం, అంటే డి స్వరం, మొదటి పొజిషన్లో సహజంగా వచ్చే అయిదో హార్మోనిక్, అంటే స్లైడ్ కదపకుండా పెదాలు, ఊపిరి మార్చి పలికించే స్వరాల వరసలో అయిదోది. తంబూరాతో వింటే అచ్చంగా అంతర గాంధారంలా ఒదిగిపోతుంది, అదే పియానోతో వింటే కాస్త తక్కువగా వినపడుతుంది, ఎందుకంటే పియానో గాంధారం కన్నా ఇది 14 సెంట్లు కింద ఉంటుంది. (ఒక అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు.) అందుకే పియానోతో వాయించేటప్పుడు చాలామంది ఆ డి ని నాలుగో పొజిషన్లో పట్టుకుంటారు. ఏడో హార్మోనిక్ అయితే ఇంకా కింద, దాదాపు 31 సెంట్లు తక్కువ, అందుకే రెండో పొజిషన్లో పై జి వాయించాలంటే స్లైడ్ కొంచెం లోపలికి లాక్కోవాలి. ఈ తేడా మీ తప్పూ కాదు, మీ వాయిద్యం తప్పూ కాదు, గాలి గొట్టం స్వభావమే అంత. ఇది తెలియకుండా డిస్‌ప్లే హాల్లోకి వెళ్తే మంచి వాయిద్యాన్ని కూడా శ్రుతి తప్పిందని పక్కన పెట్టేస్తారు.

మన సంగీతం విన్నవాళ్ళకి ఇక్కడ ఒక లాభం ఉంది. ట్రాంబోన్‌కి మీటలు లేవు, స్వరస్థానం చెవితోనే పట్టుకోవాలి, జారు అనేది దాని ఒంట్లోనే ఉంది. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ గారు మాండలిన్‌ని, కద్రి గోపాల్‌నాథ్ గారు శాక్సఫోన్‌ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు కదా, అలా ఆలోచిస్తే ట్రాంబోన్ మనకి పరాయిదేం కాదు. అయితే ఒక హద్దుంది. స్లైడ్ మొత్తం పొడవు ఏడు పొజిషన్లే కాబట్టి ఒకే జారులో ఆరు అర్ధస్వరాలే దిగగలం, పై స నుంచి దిగితే ప్రతిమధ్యమం దగ్గర ఆగిపోవాలి, ఆ కిందకి వెళ్ళాలంటే వేరే హార్మోనిక్‌లోకి దూకాల్సిందే. పెద్ద వాయిద్యకారులు ఈ దూకుడు మనకి తెలియకుండా ఎలా దాటుతారో కచేరీల్లో గమనించడానికి ఇప్పట్నుంచే ప్రాక్టీసు చెయ్యండి.

ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు పక్కింటివాళ్ళతో ముందే మాట్లాడుకోండి, నేను సాయంత్రం ఆరు నుంచి ఏడు అని టైం చెప్పి అదే టైంకి ఊదుతా, మా కింది ఇంటి మామీ ఇప్పుడు ఆ టైంకి ఊదకపోతే ఒంట్లో బాలేదా అని అడుగుతుంది.

ఇక్కడ వినగలిగినవి కూడా వదలొద్దు. రిపబ్లిక్ డే రోజు మెరీనా రోడ్డులో పరేడ్ బ్యాండ్లు, క్రిస్మస్‌కి చర్చి బ్యాండ్లు, ఎగ్మోర్ మ్యూజియం థియేటర్లో అప్పుడప్పుడు జరిగే వెస్ట్రన్ కచేరీలు. సీజన్లో నాదస్వరం తప్పకుండా వినండి. ఊపిరి ఎక్కడ తీస్తున్నారు, స్వరం మొదలు ఎంత మెత్తగా పెడుతున్నారు అనేది అక్కడ నేర్చుకున్నది ట్రాంబోన్‌కి నేరుగా పనికొస్తుంది.

స్టెప్ 4: ప్యాకింగ్

ట్రాంబోన్ కేసు క్యాబిన్ కొలతల్లో పట్టదు. ముందే ఎయిర్‌లైన్‌కి మెయిల్ రాసి, వాళ్ళ జవాబు ప్రింట్ తీసుకుని వెళ్ళండి, కౌంటర్ దగ్గర ఫోన్లో చూపిస్తే వినేవాళ్ళు తక్కువ. నా మొదటి ట్రిప్పులో ఒక ఎయిర్‌లైన్ వాళ్ళు మెత్తటి బ్యాగుని కిందకి వేయించారు, దిగాక చూస్తే బెల్ (శబ్దం బయటికొచ్చే గరాటు) అంచు లోపలికి మడతపడి ఉంది. అందుకని చెక్-ఇన్ చెయ్యాల్సొచ్చే అవకాశం కొంచెం ఉన్నా గట్టి కేసే తీస్కెళ్ళండి. బెల్ లోపల బనియన్లు, టీషర్టులు గట్టిగా కూరండి, స్లైడ్ లాక్ చేసి దానిమీద గుడ్డ రిబ్బన్ ఒక చుట్టు కట్టండి, మౌత్‌పీస్ విడిగా సాక్స్‌లో చుట్టి చేతి బ్యాగులో పెట్టుకోండి. స్లైడ్ ఆయిల్, నీళ్ళ స్ప్రే బాటిల్ క్యాబిన్‌లో అయితే 100 మిల్లీలీటర్ల లోపే ఉండాలి.

మౌత్‌పీస్ గురించి ఇంకోమాట, చాలా ముఖ్యమైనది. మౌత్‌పీస్ కాడ రెండు సైజుల్లో వస్తుంది, చిన్న షాంక్, పెద్ద షాంక్. చిన్న బోరు (గొట్టం లోపలి వెడల్పు) ట్రాంబోన్లకి చిన్నది, పెద్ద బోరు వాటికి పెద్దది. చిన్న కాడ పెద్ద వాయిద్యంలో లోపలికి జారిపోయి గలగలలాడుతుంది, పెద్ద కాడ చిన్నదాంట్లో అసలు దూరదు. నేను మొదటిసారి చిన్న షాంక్ ఒక్కటే పట్టుకెళ్ళా, నేను ఊది చూడాలనుకున్నవన్నీ పెద్ద బోరువి. అక్కడ వాళ్ళు ఇచ్చిన మౌత్‌పీస్‌లతో ఊదా కానీ తేడా వాయిద్యానిదా మౌత్‌పీస్‌దా తెలియక మొదటిరోజంతా వృథా అయింది. మీరు వాడేదానికి దగ్గరి రిమ్ (పెదాలకి ఆనే అంచు) సైజులో రెండో షాంక్ కూడా ముందే సంపాదించుకుని, కనీసం నెల్రోజులు దానిమీద ఊది వెళ్ళండి.

ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, సంగీతం వాళ్ళ కోసం చేసినవి, నురుగు ప్లగ్స్ అయితే పై స్వరాలన్నీ మింగేస్తాయి. స్పిరిట్ వైప్స్, చిన్న ట్యూనర్, నోటుబుక్. తిండి విషయంలో పులిహోర పొడి, అటుకులు, వేరుశనగ పొడి నన్ను బతికించాయి, ఆవకాయ మాత్రం రాత్రికి ఉంచుకోండి, ఉప్పు కారం తిన్న పెదాలతో గంటసేపు ఊదితే పెదాలు పగులుతాయి.

స్టెప్ 5: షెడ్యూల్ చేతికొచ్చాక

ఒకే టైంలో మూడు హాళ్ళలో మూడు జరుగుతుంటాయి. అన్నీ చూడాలని పరిగెత్తితే ఏదీ పూర్తిగా వినరు. నేను పాటించేది ఏంటంటే రోజుకి పొద్దున ఒక మాస్టర్‌క్లాస్, మధ్యాహ్నం ఒక సోలో కచేరీ, రాత్రి పెద్ద కచేరీ, డిస్‌ప్లే హాలుకి గంట, అంతే. మధ్యలో గంటన్నర ఖాళీ ఉంచాలి, బయట చెట్టు కింద కూర్చుని నోటుబుక్కు రాసుకోడానికి. మా మేనల్లుడు మొదటిరోజు ఏడు ప్రోగ్రాములు చూశాడు, రాత్రి అడిగితే ఒక్కటి కూడా వివరంగా చెప్పలేకపోయాడు, రెండోరోజు నుంచి వాడే తగ్గించుకున్నాడు.

పొద్దున వార్మప్ మాత్రం మిస్ కావద్దు. వందమంది ఒకే గదిలో ఒకే లాంగ్ నోట్ మెల్లగా మొదలుపెడతారు, మీ పక్కన ఎవరో పెద్ద ఆర్కెస్ట్రా మనిషి ఉండొచ్చు, ఎవరో స్కూలు పిల్ల ఉండొచ్చు. చెన్నైలో ఒంటరిగా గదిలో ఊదుకునే మనకి ఆ పదిహేను నిమిషాలు ఎంత ధైర్యమిస్తాయో నేను మాటల్లో చెప్పలేను.

స్టెప్ 6: కచేరీ వినడం

ముందు వరస కోసం కొట్టుకోకండి. ట్రాంబోన్ శబ్దం బెల్ ఎటు తిరిగితే అటే సూటిగా పోతుంది, మరీ ముందు కూర్చుంటే లోహం శబ్దమే వినపడుతుంది, హాల్ మధ్యలో, వాయించేవాళ్ళకి కుడిచేతి వైపు నాకు బాగా నచ్చిన చోటు, స్లైడ్ చెయ్యి కూడా పూర్తిగా కనపడుతుంది.

ఆ చెయ్యినే చూడండి. మూడో పొజిషన్ బెల్ అంచుకి కొంచెం ఇవతల, నాలుగోది కొంచెం అవతల, ఈ గుర్తు పెట్టుకుంటే దూరం నుంచి కూడా ఏ పొజిషన్లో ఉన్నారో పట్టేయొచ్చు. మొదటి పొజిషన్లో దొరికే స్వరాన్ని కూడా నాలుగులో ఎందుకు పట్టారు, స్లైడ్ దిశ మారకుండా ఉండడానికా, శ్రుతి కోసమా? ఇలా చూడ్డం మొదలెడితే కచేరీయే పాఠం అయిపోతుంది. నేను చూసిన ఒకావిడ చాలా నెమ్మది పాట వాయిస్తూ స్వరం మారే క్షణం దాకా స్లైడ్‌ని అస్సలు కదపలేదు, కదిపినప్పుడు రెప్పపాటులో అయిపోయింది, అయినా శబ్దంలో ఎక్కడా కుదుపు లేదు. నేనైతే నెమ్మది పాటకి స్లైడ్ కూడా నెమ్మదిగా జరిపేవాణ్ణి, అందుకే స్వరాల మధ్య ఆ పూసినట్టుండే మరక వచ్చేది. ఆ ఒక్క విషయం నోటుబుక్‌లో అరపేజీ రాసుకున్నా, తర్వాత నా వాయింపులో మార్పు ఎక్కువ వచ్చింది అక్కడే.

గట్టిగా వాయించినప్పుడు చప్పట్లు ఎక్కువ పడతాయి, మీరు మెత్తగా వాయించేది వినండి. నాలుక శబ్దం లేకుండా స్వరం ఎలా పుడుతోంది, చివర ఎలా ఆరిపోతోంది. బాస్ ట్రాంబోన్ కింది స్వరాలు పట్టుకున్నప్పుడు కుర్చీ చెక్క మీద చెయ్యి పెట్టి చూడండి, అరచేతికి తెలుస్తుంది.

వెళ్ళేముందు కొన్ని రచనలు విని ఉంటే మంచిది, ఎందుకంటే అక్కడ పదేపదే వాటి మాటే వస్తుంది. మోజార్ట్ రెక్వియెంలో ట్యూబా మీరం సోలో. బీతోవెన్ అయిదో సింఫనీ, 1808లో వియన్నాలో మొదట వాయించింది, అందులో ట్రాంబోన్లు చివరి భాగం దాకా మాట్లాడకుండా కూర్చుని అప్పుడు లేస్తాయి. రవెల్ బొలెరో, 1928, అందులో ట్రాంబోన్ సోలో వణుకు పుట్టించేంత పైన మొదలై ఇంకా పైకి పోతుంది. లుచానో బెరియో సెక్వెంజా 5, 1966, గ్రాక్ అనే విదూషకుడి జ్ఞాపకంగా రాసింది, వాయించేవాళ్ళు ఊదుతూ మాట్లాడతారు కూడా, మొదటిసారి చూస్తే ఇదేంటి అనిపిస్తుంది, దయచేసి లేచి వెళ్ళిపోకండి, ట్రాంబోన్ మనిషి గొంతుకి ఎంత దగ్గరో నాకు తెలిసింది అప్పుడే. జాజ్ వైపు జె.జె.జాన్సన్, జాక్ టీగార్డెన్ పాత రికార్డింగులు ఒక నాలుగైదు వినండి.

ఫోన్లో రికార్డు చెయ్యొద్దు, చాలా హాళ్ళలో ఒప్పుకోరు.

స్టెప్ 7: డిస్‌ప్లే హాలు

వెళ్ళేది ఇందుకే కాబట్టి ఇక్కడ నిదానంగా చెప్తా.

పెద్ద హాలు, వరసగా టేబుళ్ళు, బాక్, కాన్, షైర్స్, ఎడ్వర్డ్స్, గెట్జెన్, యమహా, కోర్టువా, ఇంగ్లండ్ నుంచి రాత్, జర్మనీ నుంచి తైన్ లాంటి పేర్లు కనపడుతుంటాయి, ఎవరొస్తారనేది ఏడాదిని బట్టి మారుతుంది. పక్కన మౌత్‌పీస్‌లు, మ్యూట్లు, నోట్సు పుస్తకాలు, రిపేర్ వాళ్ళు. అందరూ ఒకేసారి ఊదుతుంటారు. శబ్దం వంద డెసిబెల్స్ దాటిపోతుంది, ఆ గోలలో ఏ వాయిద్యమైనా బాగున్నట్టే ఉంటుంది లేదా ఏదీ బాగోనట్టే ఉంటుంది. కాబట్టి టైం ముఖ్యం. పొద్దున తెరవగానే, లేదంటే పేరున్న కచేరీ జరుగుతూ జనమంతా అక్కడికి పోయినప్పుడు వెళ్ళండి.

మొదట మీ సొంత వాయిద్యం అయిదు నిమిషాలు ఊదండి. అది లేకుండా పోలిక లేదు. తర్వాత ప్రతి వాయిద్యం మీదా అవే నాలుగు పనులు, అదే వరసలో.

ఒకటి, ఊదకముందే స్లైడ్ చూడండి. టేబుల్ దగ్గరున్న వాళ్ళని అడిగి, వాయిద్యాన్ని నిలువుగా పట్టుకుని, లాక్ తీసి, బయటి స్లైడ్‌ని చేత్తో కాపాడుకుంటూ మెల్లగా వదలండి. ఎక్కడా తట్టుకోకుండా సొంత బరువుకే దిగాలి. తర్వాత పైకీ కిందకీ వేళ్ళ కొసలతో కదపండి, అయిదు, ఆరు, ఏడు దగ్గర బరువు మారితే గొట్టాలు వంకరున్నట్టు. నా కథ ఇదే కదా.

రెండు, మధ్య స్వరాల్లో నెమ్మదిగా, చాలా మెత్తగా ఒక స్వరం మొదలుపెట్టండి. నాలుక వాడకుండా ఊపిరితోనే. స్వరం వెంటనే పలుకుతోందా, ఒక క్షణం గాలి పోయి తర్వాత వస్తోందా. మంచి వాయిద్యం అడగ్గానే పలుకుతుంది.

మూడు, మొదటి పొజిషన్లో కింది బి ఫ్లాట్ నుంచి పైకి హార్మోనిక్స్ అన్నీ, ట్యూనర్ చూడకుండా ముందు చెవితో, తర్వాత ట్యూనర్‌తో. డి కొంచెం తక్కువగా ఉంటే కంగారు పడకండి, పైన చెప్పిందే. పై ఎఫ్, పై బి ఫ్లాట్ ఎంత దూరం తప్పుతున్నాయో రాసుకోండి.

నాలుగు, మీకు బాగా వచ్చిన ఒక పాట, పదిహేను సెకన్లు చాలు. నేను త్యాగరాజ కీర్తన పల్లవి ఒకటి వాయిస్తా, ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నది కాబట్టి తేడా ఉంటే అది వాయిద్యానిదే అని తెలిసిపోతుంది. కష్టమైన హై నోట్లు, గట్టి మార్చ్‌లు ఇక్కడ వద్దు, ఆ ఊపులో మీ చెవి మిమ్మల్నే మెచ్చుకుంటుంది.

వీలైతే ఒక మనిషి తోడుండాలి. మా మేనల్లుడు పది అడుగుల దూరంలో వెనక్కి తిరిగి నిలబడ్డాడు, నేను మూడు వాయిద్యాలు మార్చి మార్చి ఊదా, ఏది ఏదో చెప్పలేదు. నాకు చేతికి గొప్పగా అనిపించినది వాడికి మూడింట్లో మందంగా వినపడింది. రెండుసార్లు చేశాం, రెండుసార్లూ అదే మాట. మనకి వెనక వినపడే శబ్దం, ముందు కూర్చున్నవాళ్ళకి వినపడే శబ్దం వేరని పుస్తకాల్లో చదివితే ఇంతగా ఎక్కలేదు.

టేబుల్ దగ్గర వాళ్ళ మాటలు అర్థం కావాలంటే కొంచెం తెలిసుండాలి. బోరు అంటే లోపలి స్లైడ్ గొట్టం లోపలి వెడల్పు. జాజ్‌కి, చిన్న బ్యాండ్లకి 12.7 మిల్లీమీటర్లు, ఆ చుట్టుపక్కల, ఆర్కెస్ట్రాలో మామూలు (టెనార్) ట్రాంబోన్‌కి 13.9, బాస్‌కి 14.3. మిల్లీమీటరే కదా అనుకోవద్దు, ఊపిరి ఖర్చు పూర్తిగా మారిపోతుంది. పెద్ద బోరు గొప్పది అనే మాట నమ్మకండి, పెళ్ళి రిసెప్షన్లలో, చర్చిలో వాయించేవాళ్ళకి చిన్న బోరే హాయి. బెల్ లోహం పసుపు ఇత్తడి అయితే రాగి 70 శాతం దాకా, గోల్డ్ బ్రాస్‌లో 85, రోజ్ బ్రాస్‌లో 90, రాగి పెరిగేకొద్దీ శబ్దం వెచ్చగా ఉంటుందంటారు, మీ చెవికి వినపడితేనే ఒప్పుకోండి.

వెనక వైపు చుట్టలా ఉండే అదనపు గొట్టం ఎఫ్ వాల్వ్. 1839లో లైప్‌జిగ్‌లో క్రిస్టియన్ ఫ్రెడ్రిక్ సాట్లర్ కనిపెట్టాడు. బొటనవేలితో నొక్కితే దాదాపు 90 సెంటీమీటర్ల గొట్టం కలిసి శ్రుతి ఎఫ్‌కి దిగుతుంది, ఆరు, ఏడు పొజిషన్ల దాకా చెయ్యి చాపే పని తప్పుతుంది, పొట్టి చేతుల పిల్లలకి ఇది వరం. వాల్వుల్లో మామూలు రోటరీ, హాగ్‌మన్, థేయర్ అని రకాలున్నాయి, నొక్కినప్పుడూ వదిలినప్పుడూ గాలి ఆగినట్టుందా అనేది మాత్రమే చూడండి.

మర్యాదలు కొన్ని. అడగకుండా ఏదీ ఎత్తొద్దు, ఊదాక మౌత్‌పీస్ పెట్టిన చోటు తుడిచి ఇవ్వండి, లోపలి నీళ్ళు నేల మీద వదలొద్దు, మన ఉంగరాలు బ్రేస్‌ల (గొట్టాల్ని కలిపే అడ్డకడ్డీలు) మీద గీతలు పెడతాయి, తీసి జేబులో వేస్కోండి. కొనను అని ముందే చెప్పినా వాళ్ళేం అనుకోరు, నేను చెన్నై నుంచి వచ్చాను, మాకు ఇన్ని ఒకచోట దొరకవు అని చెప్తే ఒకాయన కుర్చీ వేసి కూర్చోబెట్టి గంటసేపు ఊదనిచ్చాడు.

మీ పాత వాయిద్యాన్ని రిపేర్ టేబుల్ దగ్గర తప్పకుండా చూపించండి. కొత్తది కొనేముందే. మీకున్న ఇబ్బంది యాభై డాలర్ల పనితో పోతుందో లేదో తెలుస్తుంది.

స్టెప్ 8: మాస్టర్‌క్లాస్, కోయిర్

మాస్టర్‌క్లాసులో వెనక కూర్చుని వినడానికి సిగ్గుపడాల్సింది లేదు, ఎక్కువమంది చేసేది అదే. ప్రశ్న అడిగే ఛాన్స్ వస్తే ఒకటే అడగండి, చిన్నగా, మీ వాయింపు గురించి. ట్రాంబోన్ కోయిర్‌లో (అందరూ ట్రాంబోన్లే వాయించే బృందం) ఎవరైనా కూర్చోవచ్చంటే కూర్చోండి, మూడో పార్టో నాలుగో పార్టో తీస్కోండి, చుట్టూ పాతికమంది శ్రుతిలో ఉంటే మీ స్లైడ్ దానంతటదే సరైన చోటుకి వెళ్తుంది.

స్టెప్ 9: కొనాలనుకుంటే, తిరిగొచ్చాక

మొదటిరోజు కొనొద్దు. మూడోరోజు పొద్దున మళ్ళీ వెళ్ళి, మొదటిరోజు రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని మళ్ళీ అదే నాలుగు పనులు చెయ్యండి, అభిప్రాయం మారకపోతే అప్పుడు చూద్దాం. ప్రొఫెషనల్ వాయిద్యం అంటే నాలుగైదు వేల డాలర్ల పైమాటే, దానిమీద మన కస్టమ్స్ డ్యూటీ కూడా లెక్కేసుకోండి, ఆ ఏడాది డ్యూటీ ఫ్రీ పరిమితి చూసుకుని బిల్లు దగ్గర పెట్టుకుని రెడ్ ఛానెల్లో చెప్పేయండి.

చెన్నైలో ఉండేవాళ్ళు లక్కర్ పూత లేని వట్టి ఇత్తడి వాయిద్యం జోలికి పోవద్దని నా గట్టి అభిప్రాయం. శబ్దం బాగుంటుందని కొంతమంది దానికోసమే వెతుకుతారు, కానీ మన ఉప్పు గాలికి, చెమటకి అది రెండు వర్షాకాలాలకే నల్లబడి చేతికి పచ్చగా అంటుకుంటుంది, బీచ్ దగ్గర ఉండేవాళ్ళకి ఇంకా తొందరగా. స్లైడ్ లోపల కూడా అంతే, ఇక్కడ వారానికోసారి గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, లోపల గుడ్డ లాగి ఆరబెట్టాల్సిందే.

ఇంటికొచ్చిన రోజే కేసు తెరవండి, విమానంలో చల్లబడి బయట వేడికి రాగానే లోపల తేమ పడుతుంది. స్లైడ్ కడిగి, ఆయిల్ వేసి, తంబూరా ఆరున్నరలో పెట్టి మొదటి పొజిషన్లో అదే గాంధారం ఊదండి. తర్వాత నోటుబుక్కు తీసి ఫెస్టివల్లో రాసుకున్న వాటిల్లోంచి ఒక్కటి ఎంచుకోండి, నెల్రోజులు అదొక్కటే. నేను స్లైడ్ ఆలస్యంగా, వేగంగా కదపడం తీస్కున్నా, మా మేనల్లుడు నాలుక లేకుండా స్వరం మొదలుపెట్టడం తీస్కున్నాడు, ఇప్పటికీ రోజూ సాయంత్రం ఆరింటికి మొదటి పది నిమిషాలు అదే.